విమానం ఎగిరేటప్పుడు ఫోన్లు బంద్

నేను ఏడో తరగతిలో ఎంతకాలం ఉన్నానంటే, ఇంకొన్నాళ్లు ఉంటే రిటైర్మెంట్ రోజు దండ వేసి, శాలువా కప్పి, జీపులో ఇంటి దాకా దిగబెట్టాల్సి వచ్చేది. దానికి భయపడే కాబోలు మా సార్లు నన్ను ముందుగానే మెడికల్ అన్‌ఫిట్ చేసినట్టు ఇంటికి పంపించారు. మా బొగ్గుబాయిల ఊళ్లలో తండ్రి జబ్బుతో పనికి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. నా ఏడో తరగతి మాత్రం నా తర్వాత ఎవరికీ రాలేదు.

అలాంటివాణ్ని విమానాల గురించి రాయడానికి కూర్చున్నాను. నిజం విమానాలు కావు, థర్మాకోల్‌వి. చేతిలో రిమోట్ పట్టుకుని ఎగరేసేవి.

గోదావరిఖనిలో నాకొక సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఎంత పెద్దదంటే, కస్టమర్ కూర్చుంటే నేను బయటికి వచ్చి నిలబడాలి. రీచార్జిలు చేస్తాను, పగిలిన అద్దాలు మారుస్తాను, ఛార్జింగ్ ఎక్కని ఫోన్లకు నాడి చూస్తాను. అందుకే ఎప్పుడు చూసినా నా ప్యాంటు జేబుల్లో రెండు మూడు ఫోన్లు ఉంటాయి. నావి కావు, రోగులవి.

కాలనీలో మా వెనక లైన్లో కాక ఉంటాడు. రక్త సంబంధం ఏమీ లేదు. మా నాన్నతో కలిసి ఒకే బాయిలో దిగినవాడు కాబట్టి కాక. ఆయన భార్య చిన్నమ్మ. వాళ్లది ఆదివారం చర్చికి వెళ్లే ఇల్లు, మాది ఆదివారం మటన్ వండే ఇల్లు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు రెండు చోట్లా తప్పకుండా హాజరయ్యేవాడు. నాకంటే చిన్నవాడు కాబట్టి తమ్ముడనే పిలిచేవాణ్ని. ఈ విమానాల పిచ్చి వాడిదే.

కొత్త టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణాల వెనక పారేసిన థర్మాకోల్ ఏరుకొచ్చి, కోసి, అతికించి, రెక్కల అంచులకు ప్లాస్టర్ టేపు చుట్టేవాడు. రిమోట్ మాత్రం ఎవరో వాడి వదిలేసిన పాతది, పొడుగ్గా లాగే ఏరియల్ ఉన్నది, హైదరాబాద్ పోయి తెచ్చుకున్నాడు. కాలనీ దాటాక, ఎప్పుడో మూతబడిన ఓపెన్‌కాస్ట్ గని పక్కన చదునైన నేల ఒకటి ఉంది. ఒక దిక్కు గని నుంచి తవ్వి పోసిన మట్టి గుట్ట, ఇంకో దిక్కు నీళ్లు నిండిన గని గుంత. గుంత చుట్టూ ముళ్లకంచె. ఆ నేలే వాడి విమానాశ్రయం. కాక విమానాన్ని నెత్తి మీదికి ఎత్తి నాలుగడుగులు ఉరికి గాల్లోకి విసిరేవాడు, తమ్ముడు రిమోట్‌తో దాన్ని అందుకునేవాడు. బాయిలో పైకప్పు కూలకుండా రూఫ్ బోల్టులు కొట్టి కొట్టి బండబారిన చేతులు కాకవి. ఆ చేతుల్లో థర్మాకోల్ విమానం కోడిపిల్లలా ఉండేది.

ఫోన్ల గొడవ నా వల్లే మొదలైంది. ఒకసారి విమానం పైన ఉండగా నా జేబులో రిపేరుకొచ్చిన పాత కీప్యాడ్ ఫోను మోగింది. నేను తమ్ముడి భుజానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. వెంటనే పైన విమానం తోక టపటపా వణికింది, ముక్కు కిందికి దిగింది. వాడు నన్ను ఒక్క తోపు తోసి, ఎలాగో దాన్ని నిలబెట్టి దించాడు.

"అన్నా, నీ దుకాణంల స్పీకర్ పక్కన ఫోను పెడితె, కాల్ వచ్చే ముందు గర్రుగర్రుమంటది చూడు. గదే. ఇప్పటి ఫోన్లు అంత చెయ్యయి గని, ఈ పాత డబ్బాలు రిమోటుకు దగ్గరుంటె మాత్రం ఆగమాగం చేస్తయి" అన్నాడు.

వాడు చెప్పింది అంతే. కాకకు మాత్రం ఆ మాట వేరే చోట తగిలింది. బాయిలోకి దిగే ముందు మనిషి జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, ఫోను ఏదీ లోపలికి పోకూడదు. బ్లాస్టింగ్ జరిగే చోట కూడా ఫోన్లు బందే. సర్వీసంతా ఫోనును నిప్పురవ్వతో సమానంగా చూసినవాడు ఆయన. మరుసటి ఆదివారం నుంచి నేల దగ్గరికి వచ్చిన ప్రతివాడినీ చేతులు పైకెత్తించి తడమడం మొదలుపెట్టాడు. ఫోన్లన్నీ ఆపించి, తన సద్ది డబ్బాలో వేసి, మూత పెట్టి, దూరంగా మట్టి గుట్ట కింద పెట్టి వచ్చేవాడు.

"బాపూ, గంత అవసరం లేదే. దగ్గరుంటెనే పరేషాన్" అని తమ్ముడు మొత్తుకునేవాడు.

"నీకు తెల్వది, ఊకో. ఏయ్ పోరడా, ఆ ఎడమ జేబుల ఏంది?"

"కాకా, అది నా తొడ."

"తొడ గిట్ల పలకలెక్క ఉంటదారా? తియ్యి."

తీసేవాణ్ని. కిసుక్కున అందరూ నవ్వేవాళ్లు.

డబ్బాలోకి పోకుండా మిగిలేది తమ్ముడి ఫోను ఒక్కటే. ఎగరేసినంతసేపు ఆపేవాడు, దించగానే ఆన్ చేసేవాడు. ఎందుకంటే తండ్రీకొడుకులు పొద్దున మొదటి ప్రార్థన కాగానే ఇటు వచ్చేవాళ్లు, చిన్నమ్మ రెండో ప్రార్థనకూ చర్చిలోనే ఆగి, అది అయిపోగానే ఆ నంబరుకే చేసేది. "అయిపోయింది, ఇంటికి రాండ్రి, కూర సల్లారుతది" అనేది. వాడు "వస్తున్నమమ్మా" అనేవాడు. అప్పుడు అందరం లేచేవాళ్లం. మా ఆదివారాలకు అదే సైరన్.

ఆ వానాకాలం బసంత్‌నగర్ దగ్గర రోడ్డు మీద తమ్ముడి బండి జారింది. దవాఖానకు తీసుకుపోయే దాకా ఉండలేదు వాడు. దీని గురించి ఇంతకంటే నాకు రాయడం రాదు.

కాక అన్‌ఫిట్‌కు పెట్టుకోవాలా, వాడిని బాయిలో పెట్టాలా వద్దా అని ఆ ఇంట్లో చాలా రోజులుగా కొట్లాట నడిచేది. వాడు పోయాక ఇక అన్‌ఫిట్ అయి చేసేదేముందని కాక మళ్లీ షిఫ్టుకు పోసాగాడు.

వాడి ఫోను నుజ్జయిపోయింది. కాక దాన్ని పేపర్లో చుట్టి నా దుకాణానికి తెచ్చాడు. "ఇది బతుకుతదా?" అని అడిగాడు. నోటికి ఎప్పుడూ అడ్డం లేని నేను ఆ రోజు తల మాత్రమే ఊపాను, కాదని. సిమ్ము బాగానే ఉంది. దాన్ని తీసి, నా దగ్గర ఊరికే పడి ఉన్న ఒక పాత కీప్యాడ్ ఫోన్లో వేసి ఇచ్చాను. ఆ ఫోను ఏ జేబులోకి చేరుతుందో అప్పుడు నేను ఆలోచించలేదు.

కొన్నాళ్లకు కాక చర్చి మానేశాడు. ఆదివారం పొద్దున్నే తమ్ముడు చివరగా చేసిన తెల్ల విమానాన్ని సైకిల్‌కు అడ్డంగా కట్టుకుని నేల దగ్గరికి వచ్చేవాడు. ఎగరేయడం వాడు బతికున్నప్పుడే కొంచెం నేర్పించాడు. గుండ్రంగా తిప్పడం వచ్చు, దించడం సగం వచ్చు. మేం కొందరం వెంట పోయేవాళ్లం. ఇప్పుడు విమానం విసిరేది బావ, అంటే తమ్ముడి జతగాడు, డంపర్ నడుపుతాడు. జేబులు తడమడం, సద్ది డబ్బా, అంతా మునుపటిలాగే. ఒక్కటే తేడా. ఎగరేయడం త్వరగా ముగించేసి, విమానాన్ని పక్కన పెట్టుకుని, కాక గుంత ఒడ్డున కంచె దగ్గర కూర్చునేవాడు. కాసేపటికి ఎడమ చెయ్యి చొక్కా జేబు మీద వేసుకుని, కళ్లు మూసుకుని, తర్వాత "పాండ్రి, అయిపోయింది" అని లేచేవాడు.

ఆ జేబులో ఏముందో నాకు తెలుసు. రీచార్జి చేసేది, చప్పుడు లేకుండా అదిరేలా పెట్టిచ్చింది నేనే కదా. ఒకసారి దుకాణంలో ఇద్దరమే ఉన్నప్పుడు ఆయనే చెప్పాడు.

"మీ చిన్నమ్మ చర్చి అయినంక ఇప్పటికి గూడ వాని నంబరుకు చేస్తదిరా. మాట్లాడెతందుకు గాదు, నేను ఎత్తను గూడ. మోగితె సాలు ఆమెకు. ఒక ఐతారం చార్జింగ్ అయిపొయ్యి బంద్ అయ్యింది. ఇంటికి పోయెవరకు ముద్ద ముట్టకుంట కూసున్నది. స్విచ్ ఆఫ్ అంటుందని ఒకటే ఏడుపు. గందుకే, దీన్ని ఎన్నడు బంద్ పడనియ్యకు."

"మరి విమానం, కాకా? పాత డబ్బా అది."

"ప్రార్థన అయ్యేటాల్లకు నేను దించుతనే ఉన్న. అందరి ముందట డబ్బల వేస్తె, నేనే ఆపలేదని అంటరు. ఎందుకు ఆపలేదంటె ఏం చెప్పాలె?"

అలా ఒక పక్క వాడి విమానం, ఇంకో పక్క వాడి ఫోను పెట్టుకుని, రెండూ ఒకదానికొకటి తగలకుండా కాక ఆదివారాలు నెట్టుకొచ్చాడు. ఒకదాన్ని బతికించాలంటే ఇంకొకదాన్ని ఆపాలి. దేన్నీ ఆపలేకపోయాడు.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన త్వరగా అయిపోయింది. రామకృష్ణాపూర్‌లో ఎవరో పెద్దాయన పోతే పాస్టరుగారు అక్కడికి వెళ్లాలట. ఆ సంగతి మాకెలా తెలుస్తుంది? ఫోన్లన్నీ డబ్బాలో ఉన్నాయి.

విమానం మంచి ఎత్తులో ఉంది. దూరాన కరెంటు కేంద్రం పొగగొట్టాల వైపు పోయి, గుట్ట మీదుగా తిరిగి, గుంత మీదికి వస్తోంది. నేను కాక పక్కనే ఉన్నాను. ఆయన ఎడమ భుజం ఒక్కసారి ఉలిక్కిపడింది. చొక్కా జేబు సన్నగా అదిరింది. నేను పైకి చూశాను. తోక టపటపా వణికింది.

ఫోను వల్లే పడిందో, గుండె మీద అది కదిలేసరికి కాక చేతులే తడబడ్డాయో, ఇప్పటికీ నాకు తెలియదు. విమానం ముక్కు వంచింది. కాక రిమోట్ పుల్లని వెనక్కి లాగి లాగి పట్టుకున్నాడు. అది వినలేదు. కంచె దాటి, గుంతలో నీళ్ల నడిమధ్య పడింది. చప్పుడు కూడా మా దాకా రాలేదు.

బావ ముందు కంచె దాకా ఉరికాడు, తర్వాత మా వైపు తిరిగాడు.

"ఎవనిదిరా ఫోను? ఎవడు ఆపలే?"

గుట్ట కిందికి పోయి డబ్బా మూత తీశాడు. ఒక్కొక్క ఫోను తీసి చూశాడు. అన్నీ ఆపి ఉన్నాయి. అప్పుడు మెల్లగా నన్ను చూశాడు. నా జేబుల సంగతి కాలనీ అంతా తెలిసిందే. కాక నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట వస్తే వెనకాలే ఆ ఫోను బయటికి రావాలి, అది వస్తే చిన్నమ్మ సంగతి అందరి నోళ్లలో పడాలి. నేను ముందే అనేశాను.

"నాదే బావా. రిపేరుది ఒకటి వెనక జేబుల ఉండిపోయింది."

"నీ దుకాణంల ఫోన్లు సాలవారా నీకు? వాని చేతిది అదొక్కటి మిగిలింది. దాన్ని గూడ ముంచితివి గదరా!"

"మునగలే బావా, తేలుతుంది."

ఆ మాట నేను కావాలని అనలేదు. చిన్నప్పటి నుంచి ఎవరు ఏమన్నా ఎదురు మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది, అదే జారింది. బావ నా కాలర్ పట్టుకున్నాడు. నలుగురు విడిపించారు. కాని నేనన్నది నిజమే. థర్మాకోల్ కదా, మునగదు. నల్లని నీళ్ల మధ్య తెల్లగా, రెక్కలు చాపుకుని అలాగే ఉంది. కిందికి దిగడానికి దారి లేదు, ఉన్నా దిగనియ్యరు. కాక కంచె తీగ పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. నా వైపు తిరగలేదు.

ఆ రోజు నుంచి కాలనీలో నాకు కొత్త ఉద్యోగం దొరికింది, చచ్చినవాడి విమానం పడగొట్టినవాడిగా. రిపేరుకు వచ్చినవాడు కూడా, "అన్నా, మా ఇంటి మీదికెల్లి విమానం పోయేటప్పుడు జర జేబులు చూసుకో" అని ఫోను ఇచ్చి పోయేవాడు. నేను వాళ్లకంటే పెద్ద జోకు వేసి పంపేవాణ్ని. కాక మాత్రం దుకాణం వైపు రాలేదు. రీచార్జి గడువు దగ్గర పడుతుంటే నేనే వేశాను.

ఒక మధ్యాహ్నం చిన్నమ్మ వచ్చింది. స్టూలు జరిపి, నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

"నువ్వేనారా మా విమానం పడగొట్టింది?"

"నేనే చిన్నమ్మా."

"గప్పుడు నీకు ఎవరు చేసిన్రు ఫోను?"

"ఎవరో కస్టమర్..."

"కస్టమర్‌కు చెయ్యలేదు నేను. మా పోరని నంబరుకు చేసిన." కొంగుతో మొహం తుడుచుకుంది. "ప్రార్థన జల్ది అయిపాయె. నేను గేటు కాడనే నిలవడి చేసిన. ఇంటికొచ్చినంక మీ కాక మొకం చూస్తనే సమజైంది నాకు. నీకు అబద్ధమాడుడు గూడ రాదు కొడుకా."

నేను నేల చూస్తూ, కాక నాతో చెప్పిందంతా చెప్పాను. నీకోసమే, నీకు స్విచ్ ఆఫ్ అని వినబడొద్దనే ఆయన ఆ ఫోను ఆపలేదని. ఆమె వింటూ వింటూ నా మొహంలోకి విచిత్రంగా చూసింది.

"నా కోసమా? నా కొడుకు ఎత్తడని నాకు తెల్వదారా? నేను చేసేది ఆయన కోసం. వాడు పోయినంక ఆయన ఆ గుంత ఒడ్డుకు పొయ్యి కూసుంటుండు. విమానం పైన ఉన్నంతసేపు నాకు ఫికర్ లేదు. దించినంక ఏం చేస్తడో అని ఒకటే బుగులు. ఆయన ఫోనుకు చేస్తె డబ్బల ఉంటది. వాని ఫోను మోగితె లేస్తడు. వాడున్నప్పుడు అట్లనే లేచేటోళ్లు గద."

"మరి ఒకసారి బంద్ అయినప్పుడు నువ్వు బువ్వ ముట్టలేదని..."

"ఎట్ల దిగుతది బువ్వ? మనిషి ఒడ్డు మీద ఉన్నడో నీళ్లల్ల ఉన్నడో తెల్వకపాయె." కొంగు నడుముకు దోపుకుంది. "ఇప్పుడు ఆయనే బంద్ పెట్టుకున్నడు. విమానం లేకున్నా ఐతారం పొద్దున పోయిండంటె మల్ల పొద్దుమూకినంకనే వస్తుండు. చేసిన కాడికి స్విచ్ ఆఫ్."

"నేను ఆయన సొంత ఫోనుకు చేసి చూస్త తియ్యి."

"ఫోన్లు శాన అయినయి బిడ్డా. కాళ్లతోని పో."

ఆ ఆదివారం దుకాణం తెరవకుండా పోయాను. నేల మీద ఎవరూ లేరు. కాక కంచె అవతలికి పోయి, ఒడ్డు అంచున కూర్చుని ఉన్నాడు. విమానం గాలికి కొట్టుకుపోయి అవతలి గోడ నీడలో ఆగింది. ఒక రెక్క మీద నాచు పట్టింది. నేను ముళ్ల తీగ కింద నుంచి దూరి పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా నాలుగు జోకులు తయారు చేసుకుని వచ్చాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"మునిగినా మంచిగుండురా" అన్నాడు కాక, నన్ను చూడకుండానే. "గట్ల తేలుతుంటె ఎట్ల లేశి పోవాలె?"

చిన్నమ్మ చెప్పిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. గుంతలోకి చూస్తూనే విన్నాడు. అంతా అయ్యాక, "నా కోసమట్నా?" అని ఒక్క మాట అడిగాడు. ఔనన్నాను. మళ్లీ గుంత వైపే తిరిగి కూర్చున్నాడు. అంతసేపూ నా చెయ్యి ఆయన చొక్కా అంచు దగ్గరే ఉంచుకున్నాను, పట్టుకున్నట్టు తెలియకుండా.

జేబులోంచి ఆ పాత ఫోను తీసి, లావు బొటనవేలితో ఒత్తి పట్టుకున్నాడు. తెర వెలిగింది. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఎండ ఎక్కింది. ఆఖరికి చొక్కా జేబు అదరసాగింది. కాక దాని మీద అరచెయ్యి వేశాడు. ఎత్తలేదు. అది ఆగే దాకా కళ్లు మూసుకుని ఉండి, తర్వాత మోకాళ్ల మీద చేతులు మోపి లేచాడు.

సైకిల్ నడిపించుకుంటూ కాలనీ దారి పట్టాం. మాట లేని నడక నా వల్ల కాదు. కాస్త నవ్వితే బాగుండునని అడిగాను.

"ఏం కాకా, నీ తప్పు నెత్తిన పెట్టుకొని కాలనీ మొత్తంతోని తిట్లు తిన్న. ఒక్క చాయన్న తాపియ్యవా?"

కాక సైకిల్ ఆపాడు. విమానం పడ్డ రోజు నుంచి మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"నిన్నెవడు పెట్టుకొమ్మన్నడురా? వాడు పాయె, వాని విమానం పాయె. నా చేతులకెల్లి పోయిందని ఏడ్సెతందుకు నాకు ఆ తప్పొక్కటే మిగిలుండె. అడగకుంట అది గూడ ఎత్తుకపోతివి. పైకెల్లి చాయ్ అడుగుతున్నవ్!"